బంటూ భాషల్లో టోన్ ఎలా పట్టుకోవాలి: చెవి తయారుచేసుకోవడం దగ్గర్నుంచి రూల్ రాసుకునేదాకా

ఆఫ్రికాలో మాట్లాడే బంటూ భాషల్లో చాలావాటిలో అక్షరాన్ని పై గొంతుతో (ఎత్తు) పలికామా కింద గొంతుతో (పల్లం) పలికామా అన్నదాన్ని బట్టి మాట అర్థం మారిపోతుంది, దాన్నే టోన్ అంటారు. ఈ టోన్ మీద చదవడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళని చాలామందిని చూశా, దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. ఈ అక్షరం టోన్ ఏంటి అని అడుగుతారు, జవాబు రాసుకుంటారు, అదే మాట ఇంకో వాక్యంలో వినేసరికి టోన్ వేరే చోట ఉంటుంది, ఇదేంటి దీనికి పద్ధతే లేదా అనుకుని పుస్తకం మూసేస్తారు. పద్ధతి ఉంది, చాలా గట్టిగా ఉంది, కాకపోతే అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఈ ఎత్తు ఎవరిది, ఎక్కణ్ణుంచి బయల్దేరింది, ఎక్కడ దిగింది అని అడగాలి. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

నేను భాషాశాస్త్రంలో ఎంఏ చేశా, తర్వాత మా ఆయన ఉద్యోగం వల్ల మలావీలో లిలాంగ్వేలో నాలుగేళ్ళు ఉన్నా, అక్కడి బంటూ భాష చిచేవా నేర్చుకున్నా. క్లాసులో చదివింది ఒకటి, పక్కింటి అమయి నాకు నేర్పింది ఒకటి. (అమయి అంటే అమ్మ, పెద్దావిడని గౌరవంగా అలాగే పిలుస్తారు.) రెండూ కలిపి రాస్తున్నా.

ముందు రెండు మాటలు. స్వరం అనే పదం వాడట్లేదు, ఎందుకంటే మనకి స్వరం అంటే అచ్చు, స్వరం అంటే సరిగమ, ఇంకో అర్థం కూడా నెత్తిన పెడితే గందరగోళం అయిపోతుంది, అందుకే టోన్ అనే అంటా. రెండోది రాత సంగతి. చిచేవా, షోనా (జింబాబ్వే భాష), జులు (దక్షిణాఫ్రికా భాష) మామూలు రాతలో టోన్ గుర్తులు అస్సలు పెట్టరు, చదివేవాళ్ళు సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు. మన పని కోసం నేను ఎత్తుగా పలికే అక్షరం వెనకాల ^ గుర్తు పెడతా. గుర్తు లేనిదంతా కింద పలికేదే.

మెట్టు 1: చైనీస్‌ని పక్కన పెట్టు

టోన్ అనగానే అందరూ చెప్పే ఉదాహరణ చైనీస్, ఒక్కో అక్షరానికి ఒక్కో టోన్, నాలుగు రకాలు. బంటూ అలా కాదు. కామెరూన్ నుంచి కిందికి దక్షిణాఫ్రికాదాకా పరుచుకున్న సుమారు 500 భాషలవి, వీటిలో చాలా భాషల్లో ఉండేది రెండే, ఎత్తు, పల్లం. అన్నిటికీ మూలమైన భాషలో కూడా రెండే ఉండేవని పండితుల అంచనా. ఇంకా చెప్పాలంటే చాలా భాషల్లో పల్లాన్ని అసలు లెక్కలోకే తీసుకోనక్కర్లేదు, ఎత్తు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

చిచేవాలో చి^మంగ అంటే మొక్కజొన్న, చికొం^డి అంటే ప్రేమ, చినంగ్వ^ అంటే కర్రపెండలం. మూడూ మూడు అక్షరాల మాటలే, ఒకదాంట్లో ఎత్తు మొదట్లో, ఒకదాంట్లో మధ్యలో, ఒకదాంట్లో చివర్న. మాటకి ఒక్క ఎత్తు, అది ఎక్కడుందో తెలిస్తే చాలు. అసలు ఎత్తే లేని మాటలు కూడా బోలెడుంటాయి.

కాంగో వైపు లింగాలాలో మొతొ అని రెండూ కింద పలికితే మనిషి, మొతొ^ అని రెండోది ఎత్తితే తల. కొకొమ అంటే రాయడం, కొకొ^మ అంటే చేరుకోవడం. ఇలాంటి జంటలు చూడగానే ఆహా ఇదే టోన్ అనిపిస్తుంది, కానీ ఇది గుమ్మం మాత్రమే. బంటూలో టోన్ చేసే అసలు పని డిక్షనరీలో కంటే వ్యాకరణంలో ఎక్కువుంటుంది, ఆ సంగతికి తర్వాత వస్తా.

ఇంకొకటి, అందరికీ తెలిసిన బంటూ భాష స్వాహిలిలో టోన్ లేదు. ఎప్పుడో పోగొట్టుకుంది, ఇప్పుడు చివరినుంచి రెండో అక్షరాన్ని నొక్కి పలుకుతారు అంతే. అందుకని స్వాహిలి వచ్చు కదా అని ఆ చెవితో జులు వినకండి.

మెట్టు 2: ఈల వేయించు

మనం తెలుగువాళ్ళం పిచ్ (గొంతు ఎత్తుపల్లాలు) వినలేం అనుకోవడం తప్పు. చిన్నపిల్లకి కథ చెప్తున్నప్పుడు అది ఊఁ అంటుంది, ఆ ఊఁ సాగి పైకి లేస్తే తర్వాతేమైంది అని, కిందికి దిగితే సరే అని, మనకి ఒక్కసారి కూడా పొరపాటు పడదు. చెవి ఉంది. కాకపోతే ఆ చెవిని మనం వాక్యం భావం కోసం వాడతాం, మాటని గుర్తుపట్టడానికి వాడం, అలవాటు లేదు అంతే.

అలవాటు చేసుకోవడానికి నాకు తెలిసిన బెస్ట్ పద్ధతి ఈల. ఫీల్డులో పనిచేసేవాళ్ళు ఎప్పట్నుంచో వాడుతున్నదే. మాట పలకమని, తర్వాత అదే మాటని ఈలగా వేయమని అడగాలి. హల్లులు అచ్చులు అన్నీ రాలిపోతాయి, మిగిలేది టోన్ ఒక్కటే. ఈల రానివాళ్ళని నోరు మూసుకుని మ్‌మ్ అని మూలగమనండి, అదీ పనిచేస్తుంది. మా అమయికి ఈల వేయడం ఇష్టం ఉండేది కాదు, ఆడవాళ్ళు ఈల వేస్తారా అనేది, మూలిగి చూపించేది, నేను తిరిగి మూలిగేదాన్ని, కాదంటే తల అడ్డంగా ఊపేది. రోజుకి పది మాటలు, నెల తిరిగేసరికి చెవి తెరుచుకుంది. ప్రాట్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైంది, రికార్డింగ్ పెడితే పిచ్ గీత గీసి చూపిస్తుంది, డౌట్ వచ్చినప్పుడు అది చూసుకోండి కానీ ముందు చెవితోనే చెయ్యండి.

హల్లులు అచ్చులు తీసేస్తే ఒట్టి టోన్ మిగలడం అంటే ఏంటో పూర్తిగా అర్థం కావాలంటే లొకెలే వాళ్ళ డోలు సంగతి తెలియాలి. కాంగోలో కిసంగని దగ్గర నది ఒడ్డున ఉండే జనం వాళ్ళు, భాష కెలె. ఒకే చెట్టు దుంగని తొలిచి చేస్తారు ఆ డోలు, చీలికకి రెండు పెదాలు, ఒకటి కొడితే పై శబ్దం, ఒకటి కొడితే కింద శబ్దం, వాటితో మైళ్ళ దూరానికి కబుర్లు పంపేవాళ్ళు. అక్కడ చాలాకాలం పనిచేసిన ఇంగ్లీషు మిషనరీ జాన్ క్యారింగ్టన్ ఇది సంకేత భాష కాదు, మాటల టోనే డోలు మీద పలుకుతోంది అని విడమర్చి చెప్పాడు. లిసక అంతా కింద పలికితే నీటిగుంట, లిసక^ అంటే మాటివ్వడం, లిస^క^ అంటే విషం. మరి ఒకే టోన్ ఉన్న మాటలొస్తే? సొం^గె^ అంటే చందమామ, కొ^కొ^ అంటే కోడి, రెండూ పై పై, డోలు మీద తేడా లేదు. అందుకని డోలు మీద ఒట్టి చందమామ అనేవాళ్ళు కాదు, భూమి వైపు చూసే చందమామ అనేవాళ్ళు, కోడిని కియోకియో అనే చిన్న కోడి అనేవాళ్ళు. ఆ తోకతో టోన్ వరస పొడుగై దేనికది విడిపోయేది. నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. టోన్ అనేది అక్షరాల్లో ఇరుక్కున్న లక్షణం కాదు, విడిగా లాగి దుంగ మీద కూడా వాయించగల దారం అని ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేరు.

మెట్టు 3: ఒక్క మాట విని రాసుకోవద్దు

మాటని ఒంటరిగా పలికించి టోన్ రాసుకుంటే సగం సార్లు తప్పు రాస్తారు. చిచేవా చినంగ్వ^ నే చూడండి, వాక్యం చివర్న వస్తే ఆ ఎత్తు ముందున్న నం దగ్గర్నుంచే ఎక్కడం మొదలుపెడుతుంది, పైగా చివరినుంచి రెండో అక్షరం సాగుతుంది కూడా, కొత్త చెవికి ఎత్తు చినం^గ్వ లాగే వినపడుతుంది. నేను మొదట్లో అలాగే రాసుకున్నా.

అందుకని ప్రతి మాటనీ కనీసం మూడు చోట్ల వినండి: ఒంటరిగా, నా అనే మాట పక్కన, వాక్యం మధ్యలో. నోట్‌బుక్కులో మూడు గడులు గీసుకుని పక్కపక్కనే రాయండి. మూడింట్లో తేడా వస్తే కంగారుపడొద్దు, ఆ తేడాయే మీకు కావాల్సిన సరుకు.

ఇంకో జాగ్రత్త. వాక్యం సాగేకొద్దీ మొత్తం పిచ్ దిగుతూ పోతుంది, ఒక ఎత్తు, తర్వాత పల్లం, మళ్ళీ ఎత్తు వస్తే ఆ రెండో ఎత్తు మొదటిదానంత పైకి లేవదు, మెట్లు దిగినట్టు ఉంటుంది. పొడుగు వాక్యం చివర్లో ఉన్న ఎత్తు, మొదట్లో ఉన్న పల్లం కంటే కింద ఉన్నా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఎప్పుడూ పక్క అక్షరంతో పోల్చండి.

మెట్టు 4: ఎత్తు ఎవరిదో పట్టుకో

ఇక్కడ్నుంచి అసలు విషయం. ఇక్కడ తొందరపడొద్దు, రెండుసార్లు చదవండి.

టాంజానియాలో జిగులా అనే భాష ఉంది, దాన్నే మాట్లాడేవాళ్ళు సొమాలియా జుబా లోయలో కూడా ఉన్నారు. అందులో కుడమన్య అంటే చేయడం, ఎత్తు ఎక్కడా లేదు. కులొంబె^జ అంటే అడగడం, చివరినుంచి రెండో అక్షరం ఎత్తు. సరే, లొంబెజ ధాతువులో బె ఎత్తు అని రాసేసుకుంటాం కదా. ఇప్పుడు దానికి ప్రత్యయం తగిలిస్తాం, మనం చేయు నుంచి చేయించు చేసినట్టే, వాళ్ళు ఒకరి కోసం అడగడం అనడానికి ఇంకో ముక్క కలుపుతారు. కులొంబెజె^జ. ఎత్తు బె మీద లేదు, జె మీదకి వెళ్ళిపోయింది. ఇంకో ముక్క కలిపి ఒకరికోసం ఒకరు అడగడం అంటే కులొంబెజెజ^న. మళ్ళీ జరిగింది. మాట ఎంత పొడుగైతే ఎత్తు అంత దూరం నడుస్తోంది, ఎప్పుడూ చివరినుంచి రెండో అక్షరం దగ్గరే దిగుతోంది.

అంటే ఎత్తు లొంబెజ అనే ధాతువుది, కానీ అది కనపడే చోటు మాట చివర. ఆస్తి ఒకరిది, కాపురం ఇంకొకరింట్లో.

ఇంకా తమాషా ఉంది. నడమన్య అంటే నేను చేస్తున్నా, ఎత్తు లేదు, బాగానే ఉంది, ధాతువుకి ఎత్తు లేదుగా. అడమ^న్య అంటే అతను చేస్తున్నాడు. ఎత్తు వచ్చేసింది! డమన్యకి సొంత ఎత్తు లేదు, మరి ఇదెవరిది? ముందున్న అ ది. అతను అని చెప్పే ఆ చిన్న ముక్కకి ఎత్తు ఉంది, అది తన మీద నిలవకుండా చివరికి నడిచెళ్ళి మ మీద కూర్చుంది. మ ని చూసి మ కి ఎత్తుంది అనుకుంటే ఎప్పటికీ అర్థం కాదు.

పట్టుకునే పద్ధతి ఇది. ఒక క్రియ తీసుకోండి, ఒక్కోసారి ఒక్క ముక్కే మార్చండి. నేను తీసి అతను పెట్టండి, ధాతువు అలాగే ఉంచండి, ఎత్తు కొత్తగా వచ్చిందా? అయితే అతను ముక్కదే. ధాతువు మార్చి మిగతాది ఉంచండి, ఎత్తు పోయిందా? అయితే అది ధాతువుది. రెండేసి ముక్కలు ఒకేసారి మార్చారంటే లెక్క పోయినట్టే.

మెట్టు 5: ఎంత దూరం నడిచిందో కొలువు

ఓనర్ దొరికాక దూరం కొలవడం తేలిక, భాష భాషకీ తేడా కానీ ఒక్కో భాషలో ఒకటే కొలత. జిగులాలో చివరినుంచి రెండో అక్షరం. జులులో మామూలుగా చివరినుంచి మూడోది: ఉకు^హ్లెక నవ్వడం, ఉకుహ్లె^కిస నవ్వించడం, ఉకుహ్లెకి^సన ఒకర్నొకరు నవ్వించుకోవడం, ఇక్కడ ఎత్తు మొదట్లో ఉన్న ఉ ది, నవ్వు ధాతువుకి ఏమీ లేదు. కెన్యా కికుయులో ఎత్తు ఒక్క అక్షరం కుడికి జరుగుతుంది, టాంజానియా సుకుమాలో రెండు అక్షరాలు.

ఒక్క అక్షరం కుడికి అనగానే మనలో వేదం విన్నవాళ్ళకి ఏదో తట్టాలి. ఉదాత్తం తర్వాత వచ్చే అనుదాత్తం స్వరితం అవుతుందని పాణిని సూత్రమే ఉంది, ఉదాత్తాదనుదాత్తస్య స్వరితః (ఈ మూడూ వేదం చెప్పేటప్పుడు గొంతుకుండే స్థాయిల పేర్లు). మన వైపు తైత్తిరీయం చెప్పేటప్పుడు గమనించండి, ఉదాత్తం దగ్గర గొంతు మామూలుగా ఉంటుంది, దాని తర్వాతి స్వరితం దగ్గర పైకి లేస్తుంది. ప్రాధాన్యం ఒక అక్షరానిది, గొంతు లేచేది దాని పక్క అక్షరం మీద. వేదభాషకీ బంటూకీ ఏ చుట్టరికమూ లేదు, గొంతు పైకి లేవడానికి కాస్త టైమ్ పడుతుంది కాబట్టి ఎత్తు కుడివైపుకి జారడం చాలా భాషల్లో జరుగుతుంది.

జరగడం వేరు, పాకడం వేరు, అది కూడా చూసుకోండి. జరిగితే పాత చోటు ఖాళీ అవుతుంది, పాకితే పాత చోట కూడా ఉంటుంది, పక్కది కూడా ఎత్తవుతుంది. చిచేవాలో ఎక్కువగా పాకడమే.

మెట్టు 6: రెండు ఎత్తులు ఎదురుపడితే

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. జింబాబ్వే షోనాలో మ్బ్వ^ కుక్క, హొ^వె^ చేప. తో అనడానికి ముందు నె^ పెడతారు. కుక్కతో అంటే నె^మ్బ్వ^ రావాలి, రాదు, నె^మ్బ్వ అంటారు. ఎత్తు పక్కన ఎత్తొస్తే రెండోది పడిపోతుంది. బెల్జియం పండితుడు మేవుసెన్ పేరు మీద దీన్ని మేవుసెన్ రూల్ అంటారు.

మరి చేపతో? హొ^వె^ లో రెండు అక్షరాలూ ఎత్తే. రూల్ ప్రకారం నె^ పక్కనున్న హొ ఒక్కటే పడిపోవాలి. కానీ షోనావాళ్ళు నె^హొవె అంటారు, రెండూ పడిపోతాయి. మ్బుం^డు^డ్జి^ అంటే దండుగా వచ్చి పైరు తినేసే పురుగులు, మన మొక్కజొన్నని పాడుచేసే కత్తెర పురుగుకి దగ్గరి చుట్టాలు, మూడక్షరాలూ ఎత్తు, నె^ చేరితే మూడూ పడిపోతాయి, నె^మ్బుండుడ్జి. ఎందుకు? ఎందుకంటే అక్కడున్నవి మూడు ఎత్తులు కావు, ఒక్క ఎత్తే మూడక్షరాల మీద కప్పిన దుప్పటి. ఒక కొస పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇంకో మాట, బెం^జి^బ్వుంజ^, అన్నీ అడుగుతూ తిరిగే వెర్రివాడు. మొదటి రెండూ ఎత్తు, మధ్యలో పల్లం, చివర ఎత్తు. నె^ చేరిస్తే నె^బెంజిబ్వుంజ^, మొదటి రెండూ పడిపోయాయి, చివరిది అలాగే నిలబడింది. అది వేరే దుప్పటి మరి.

తెలుగులో ఇలాంటిది మనం రోజూ చేస్తాం. మనిషి బహువచనం మనుషులు. లు లో ఉన్న ఉ ప్రభావంతో షి ఒక్కటే షు అవ్వలేదు, ని కూడా ను అయింది, రెండు ఇకారాలూ కలిసే మారాయి. పక్కపక్క అక్షరాలు ఒకే లక్షణాన్ని పంచుకుంటే మారేటప్పుడు కలిసే మారతాయి. 1976లో జాన్ గోల్డ్‌స్మిత్ ఎంఐటీలో ఇచ్చిన థీసిస్ చెప్పింది ఇదే, టోన్‌లు ఒక వరస, అక్షరాలు ఒక వరస, మధ్యలో గీతలు కలుపుతాయి అని. మీరు కూడా నోట్‌బుక్కులో అలాగే గీయండి, పైన ఎత్తులు, కింద అక్షరాలు, మధ్యలో గీతలు. మ్బుండుడ్జి మీద ఒకే ఎత్తు రాసి మూడు గీతలు దించండి, నె^ రాగానే ఆ ఒక్క ఎత్తునీ కొట్టేయండి, చాలు.

జులు, షోనాల్లో ఇంకో చిక్కుంది, కొన్ని హల్లులు, ముఖ్యంగా జ, గ లాంటి నాదపు హల్లులు, పిచ్‌ని కిందికి లాగుతాయి. మీ లెక్క అంతా కరెక్టుగా ఉండి ఒక్కచోట మాత్రం ఎత్తు రావాల్సినచోట కిందినుంచి జారుతూ ఎక్కుతుంటే హల్లేంటో చూడండి. కాంగోలో చిలుబాలో అయితే పాత ఎత్తులన్నీ పల్లాలు, పాత పల్లాలన్నీ ఎత్తులు అయిపోయాయి, తిరగబడ్డ భాష, చుట్టుపక్కల భాషలతో పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

మెట్టు 7: కాలం కూడా టోన్‌లోనే ఉంటుంది

చిచేవాలో థండిజ అంటే సాయం చేయడం, సొంత ఎత్తు లేని క్రియ. ఎత్తంతా కాలం తెస్తుంది. న్డథండిజ, సాయం చేశాను, ఎత్తే లేదు. న్డికుథం^డిజ, సాయం చేస్తున్నాను, కు తర్వాతి అక్షరం ఎత్తు. ఇప్పుడు అక్షరం అక్షరం ఒకేలా ఉన్న జంట: న్డి^మథండి^జ అంటే నేను రోజూ సాయం చేస్తుంటాను. న్డిమ^థం^డిజ అంటే అప్పట్లో సాయం చేస్తుండేదాన్ని, ఎత్తు మ దగ్గర మొదలై పక్కకి పాకింది. రాతలో రెండూ ఒకటే.

లిలాంగ్వేలో మా వీధి పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెప్పేదాన్ని. ఒకరోజు అమయి ఏం చేస్తుంటావ్ సాయంత్రం అని అడిగితే, పిల్లలకి సాయం చేస్తుంటా అని చెప్పా, పుస్తకంలో నేర్చుకున్న వాక్యం ఒక్క అక్షరం పోకుండా చెప్పా. ఆవిడ మొహం చిన్నబోయింది. ఎందుకు మానేశావమ్మా, పిల్లలేమైనా అన్నారా అని అడిగింది. నాకు అర్థం కాలేదు, మానెయ్యలేదు అన్నా, ఆవిడ నా వాక్యాన్నే మూలిగి చూపించింది, మ దగ్గర ఎత్తి. తర్వాత న్డి దగ్గర ఎత్తి మళ్ళీ మూలిగింది. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆ రెండూ చీకటి పడేదాకా మార్చి మార్చి మూలిగాం.

కాబట్టి ప్రతి కాలానికీ విడిగా ఒక పేజీ పెట్టుకోండి, పేజీ పైన ఆ కాలం ఎత్తు ఎక్కడ వేస్తుందో రాయండి, కింద ముందు సొంత ఎత్తు లేని క్రియలతో మాత్రమే నింపండి. అవి ఖాళీ గోడలాంటివి, కాలం వేసిన రంగు స్పష్టంగా కనపడుతుంది. అది వచ్చాకే సొంత ఎత్తున్న క్రియల జోలికి వెళ్ళండి, అక్కడ రెండు ఎత్తులు ఎదురుపడి మెట్టు 6 గొడవలు మొదలవుతాయి.

మెట్టు 8: ముందే చెప్పి చూడు

పేజీలు నిండాక ఎప్పుడూ వినని క్రియ ఒకటి అడగండి, దాని అర్థం, సొంత ఎత్తు ఉందో లేదో మాత్రం తెలుసుకోండి. ఇప్పుడు పెన్నుతో మీరే అన్ని కాలాల్లో గుర్తులు పెట్టండి, పెట్టాకే పలకండి. ఎదుటివాళ్ళు కరెక్టు తప్పు అని చెప్పేదాన్ని పెద్దగా పట్టించుకోవద్దు, మర్యాదకి చాలామంది బాగుందనే అంటారు, వాళ్ళు దేనికి జవాబిస్తున్నారో చూడండి. నేను ఆ తర్వాతి వారం న్డి ఎత్తి అదే వాక్యం చెప్పా. అమయి ఏయ అని తలూపి, రేపు మా మనవణ్ణి కూడా పంపనా అని అడిగింది.